‘ఎందుకు బయటపెట్టావు?’ అని కోర్టు ఎందుకు అడగదు

2018 ఆగస్టులో అమెరికాలో రియాలిటీ విన్నర్ అనే యువతికి 63 నెలల జైలు శిక్ష పడింది. ఆమె జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏకి కాంట్రాక్టు మీద పనిచేసేది. 2016 ఎన్నికల వ్యవస్థల్లోకి చొరబడడానికి రష్యా హ్యాకర్లు ప్రయత్నించారని చెప్పే ఐదు పేజీల నివేదికను ఒక వార్తా సంస్థకు పంపింది. అంతే ఆమె చేసింది.

2024 నవంబరులో జాక్ టెషేరా అనే ఎయిర్ నేషనల్ గార్డ్ (వైమానిక దళపు రిజర్వు విభాగం) కుర్రాడికి 15 ఏళ్లు పడ్డాయి. అతను ఎవరి తప్పునూ బయటపెట్టాలనుకోలేదు. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో తనతో కబుర్లాడే మిత్రుల ముందు గొప్ప కోసం ఉక్రెయిన్ యుద్ధం తాలూకు రహస్య పత్రాలు పెట్టాడు.

మూడో మనిషి సీఐఏ మాజీ డైరెక్టర్ డేవిడ్ పెట్రేయస్. తన జీవితచరిత్ర రాస్తున్న, తనతో సంబంధం కూడా ఉన్న రచయిత్రికి ఎనిమిది నోటుపుస్తకాలు ఇచ్చారు. వాటిలో యుద్ధ వ్యూహాలు, రహస్యంగా పనిచేసే అధికారుల వివరాలు ఉన్నాయి. ఎఫ్‌బీఐ అడిగితే ఇవ్వలేదని చెప్పారు. 2015లో ఆయనకు పడింది రెండేళ్ల ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా. జైలు లేదు.

ఈ ముగ్గురిలో జనం కోసం చేశానని చెప్పుకోగలిగేది విన్నర్ ఒక్కతే. అయినా ఆమెకూ టెషేరాకూ పెట్టింది ఒకే చట్టం, ఒకే సెక్షన్. పెట్రేయస్‌తో మాత్రం ఒప్పందం కుదుర్చుకుని, చిన్న నేరంగా తేల్చారు. ప్రభుత్వ రహస్యాలు లీక్ చేసినవాళ్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా హీరోనా, ద్రోహినా అని వాదులాట మొదలవుతుంది. కోర్టులో ఆ వాదులాటకు చోటే ఉండదు. ఎందుకు ఉండదో, అలా ఉండకపోవడం సబబేనో చూద్దాం.

## లీక్ చేసినవాడు, ప్రజావేగు, గూఢచారి

గూఢచారి రహస్యాన్ని పరాయి దేశానికి చేరవేస్తాడు, ఎవరికీ తెలియకుండా. ప్రజావేగు, అంటే విజిల్ బ్లోయర్, తాను పనిచేసే చోట జరిగే అక్రమాన్ని అందరికీ తెలియాలనే బయటపెడతాడు. లీక్ అన్నది ఈ రెండింటి మధ్యలో ఉండే విశాలమైన మాట. అధికారులు తమకు అనుకూలమైన కథనం కోసం విలేకరులకు రోజూ లీకులిస్తూనే ఉంటారు, వాటి మీద కేసులు దాదాపుగా ఉండవు.

ఇక ‘రహస్యం’ అన్న ముద్ర ఎవరు వేస్తారు? అమెరికాలో కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అనే మూడు అంచెలు ప్రధానంగా అధ్యక్షుడి ఉత్తర్వు మీద నడుస్తాయి. 2009లో ఒబామా ఇచ్చిన ఉత్తర్వే ఇందుకు ఆధారం. చట్ట ఉల్లంఘనను కప్పిపుచ్చడానికో, పరువు పోతుందనో ఏ పత్రాన్నీ రహస్యంగా ప్రకటించకూడదని ఆ ఉత్తర్వులోనే స్పష్టంగా ఉంది. అయితే ముద్ర వేసేదీ, అది సరైనదో కాదో మొదట తేల్చేదీ ఆ శాఖవాళ్లే. పేచీ అంతా ఇక్కడ మొదలవుతుంది.

## యుద్ధ కాలపు చట్టం

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది 1917 ఏప్రిల్‌లో. జూన్ 15న గూఢచర్య చట్టం వచ్చింది. జర్మనీ గూఢచారుల భయంతో తెచ్చిన ఈ చట్టం కిందే యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ప్రసంగించిన సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కి పదేళ్ల శిక్ష వేశారు.

లీకు కేసుల్లో వాడే సెక్షన్ 793 సారాంశం ఇది: దేశ రక్షణకు సంబంధించిన సమాచారం, బయటికి వస్తే అమెరికాకు హాని కలిగించగలది లేదా మరో దేశానికి లాభం చేకూర్చగలది, దాన్ని అందుకునే హక్కులేని వ్యక్తికి తెలిసి ఇవ్వడం నేరం. ఒక్కో నేరారోపణకు పదేళ్ల దాకా శిక్ష. ‘హక్కులేని వ్యక్తి’ శత్రుదేశపు ఏజెంటు కావచ్చు, విలేకరి కావచ్చు, చట్టానికి తేడా లేదు. హాని నిజంగా జరిగిందని కూడా ప్రభుత్వం నిరూపించనక్కర్లేదు, జరిగే అవకాశం ఉంటే చాలు.

కాబట్టి ప్రాసిక్యూటర్ చూపించాల్సినవి మూడే. ఆ సమాచారం రక్షణకు సంబంధించినది, నిందితుడికి ఆ సంగతి తెలుసు, తెలిసే ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడన్నది ఆ మూడింటిలో లేదు. ‘నువ్వు ఇచ్చావా లేదా’ అన్నదానికి అవునని చెప్పాక నిందితుడి దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఇలాంటి కేసులు చాలావరకు విచారణ దాకా పోకుండా నేరం ఒప్పుకోవడంతో ముగిసిపోవడానికి కారణం అదే.

## ఎల్స్‌బర్గ్ చెప్పలేకపోయిన జవాబు

డేనియల్ ఎల్స్‌బర్గ్ ప్రభుత్వానికి అధ్యయనాలు చేసిపెట్టే రాండ్ సంస్థలో విశ్లేషకుడు. వియత్నాం యుద్ధంలోకి అమెరికా ఎలా దిగిందో రక్షణ శాఖే రాయించుకున్న ఏడు వేల పేజీల రహస్య అధ్యయనాన్ని జిరాక్స్ తీసి పత్రికలకు ఇచ్చాడు. గెలవలేమని లోపల తెలిసీ పైకి మరోలా చెబుతూ వచ్చిన ప్రభుత్వాల చరిత్ర అది. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ ప్రచురణ మొదలుపెట్టింది. ఆపాలని ప్రభుత్వం కోర్టుకెళితే జూన్ 30న సుప్రీంకోర్టు 6–3తో పత్రికల వైపు నిలిచింది.

చాలామంది ఈ కథను ఇక్కడే ఆపేసి, ఎల్స్‌బర్గ్ గెలిచాడు అనుకుంటారు. గెలిచింది పత్రిక. ఎల్స్‌బర్గ్ మీద విడిగా క్రిమినల్ కేసు నడిచింది, అన్ని నేరాలూ రుజువైతే 115 ఏళ్ల దాకా పడే కేసు. లాస్ ఏంజెలస్ కోర్టులో ఆయన లాయరు, ఆ పత్రాలు ఎందుకు కాపీ చేశారని తన క్లయింటును అడిగాడు. ప్రాసిక్యూషన్ అభ్యంతరం చెప్పింది, జడ్జి ఆ ప్రశ్న అనవసరమన్నాడు. తాను చేసిన పని ఎందుకు చేశాడో జ్యూరీకి (దోషా కాదా తేల్చే సామాన్య పౌరుల బృందానికి) చెప్పుకోనివ్వని కేసు నేనెప్పుడూ వినలేదని లాయరు అంటే, ఇప్పుడు వింటున్నారుగా అన్నాడట జడ్జి. ఎల్స్‌బర్గ్ ఈ సంగతిని చివరిదాకా చెబుతూ వచ్చాడు.

1973 మే 11న కేసు కొట్టేశారు. అందుకు కారణం ఎల్స్‌బర్గ్ ఉద్దేశం కాదు, ప్రభుత్వ నిర్వాకం. అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ఎల్స్‌బర్గ్ మానసిక వైద్యుడి ఆఫీసులో దొంగతనంగా చొరబడ్డారని బయటపడింది. పైగా విచారణ నడుస్తుండగానే ఆ జడ్జికి ఎఫ్‌బీఐ డైరెక్టర్ పదవి ఇవ్వజూపారు. జ్యూరీ తీర్పు చెప్పే అవసరమే రాలేదు. అందువల్ల ప్రజాప్రయోజనం కోసం చేసిన లీకు నేరమా అన్న ప్రశ్న ఆరోజు తేలలేదు. తర్వాతి కేసుల్లో జడ్జీలు ఆ ప్రశ్నను జ్యూరీ దాకా వెళ్లనివ్వడం లేదు.

## ‘పైవాళ్లకు చెప్పుకోవచ్చు కదా’

ప్రభుత్వం తరఫున ఎప్పుడూ వినిపించే మాట ఇది. పేపర్లకు ఎందుకు, లోపలే ఫిర్యాదు మార్గాలున్నాయి కదా? ఉన్నాయి. 1989 నాటి ప్రజావేగుల రక్షణ చట్టం సాధారణ ఫెడరల్ ఉద్యోగులకు వర్తిస్తుంది, నిఘా సంస్థల వాళ్లకు కాదు. వాళ్ల కోసం 1998లో వేరే చట్టం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ జనరల్ (శాఖలో జరిగే అక్రమాలపై విచారించే అధికారి) ద్వారా పార్లమెంటు నిఘా కమిటీలకు విషయం ఎలా చేరవేయాలో అది చెబుతుంది. కక్ష సాధింపు నుంచి మాత్రం గట్టి రక్షణ ఇవ్వదు. 2012లో ఒబామా ఆదేశం కొంత రక్షణ కల్పించింది కానీ కాంట్రాక్టర్లను అందులో చేర్చలేదు. ఏడాది తిరక్కుండానే ఎడ్వర్డ్ స్నోడెన్ ఎన్ఎస్ఏ రహస్య పత్రాలను విలేకరులకు ఇచ్చాడు, అతను బూజ్ అలెన్ అనే కంపెనీ కాంట్రాక్టరు.

లోపలి దారిలో నడిచిన మనిషి అనుభవం తెలియాలంటే థామస్ డ్రేక్‌ని చూడాలి. ఎన్ఎస్ఏలో సీనియర్ అధికారి. ట్రెయిల్‌బ్లేజర్ అనే నిఘా ప్రాజెక్టు మీద వంద కోట్ల డాలర్లకు పైగా తగలేస్తున్నారనీ, అంతకంటే చవకగా, పౌరుల ప్రైవసీకి రక్షణతో పనిచేసే పద్ధతిని పక్కన పెట్టేశారనీ ఆయన అభ్యంతరం. పై అధికారులకు చెప్పాడు. సహచరులు రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఫిర్యాదు చేస్తే ఆ విచారణకు సహకరించాడు. ఫలితం కనిపించక చివరికి బాల్టిమోర్ సన్ విలేకరితో మాట్లాడాడు. 2007లో ఎఫ్‌బీఐ ముందుగా ఆ ఫిర్యాదుదారుల ఇళ్లలో, కొన్ని నెలలకు డ్రేక్ ఇంట్లో సోదాలు చేసింది. ఫిర్యాదుదారుల పేర్లను ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసువాళ్లే అందించారని అక్కడ పనిచేసిన ఒక సీనియర్ అధికారి తర్వాత ఆరోపించాడు. అది నిజమైతే కంచే చేను మేసినట్టే.

2010లో డ్రేక్ మీద పది నేరారోపణలు వచ్చాయి, ఐదు గూఢచర్య చట్టం కింద. మొత్తం 35 ఏళ్ల దాకా పడొచ్చు. ఏడాది తర్వాత, విచారణకు కొద్ది రోజుల ముందు కేసు కుప్పకూలింది. కంప్యూటర్‌ను అనుమతికి మించి వాడాడన్న చిన్న నేరం ఒక్కటే మిగిలింది. ఏడాది ప్రొబేషన్, 240 గంటల సమాజ సేవ. ఇన్నేళ్లు మనిషిని వేలాడదీసి చివరికి ఇదా అని జడ్జే ప్రభుత్వాన్ని తప్పుపట్టాడు. అప్పటికి డ్రేక్ ఉద్యోగం, పెన్షన్, పొదుపు సొమ్ము అన్నీ పోయాయి. లాయర్ల ఫీజులు, ఏళ్ల తరబడి టెన్షన్, కేసు తేలేలోపే కరిగిపోయే బతుకుతెరువు, ఇవన్నీ శిక్షలే. గెలిచినా తిరిగి రావు. డ్రేక్‌కి ఏమైందో చూశాకే తాను లోపలి దారిని నమ్మలేదని స్నోడెన్ చెప్పాడు.

## ప్రభుత్వ వాదనలో బలం ఎంత

దీన్ని కొట్టిపారేయకూడదు. 2019 నాటికి అమెరికాలో రహస్య పత్రాలు చూసే అనుమతి 40 లక్షల మందికి పైగా ఉంది. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏది బయటికి రావాలో తమ మనస్సాక్షిని బట్టి తేల్చుకుంటే రహస్యం అన్న మాటకు అర్థం ఉండదు. కింది స్థాయి ఉద్యోగికి బొమ్మలో ఒక మూల మాత్రమే కనిపిస్తుంది. ఫలానా సమాచారం ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో అతనికి తెలియకపోవచ్చు.

ఇంకో ఇబ్బంది కోర్టులో ఎదురవుతుంది. ‘దీనివల్ల హాని లేదు’ అని నిందితుడు వాదిస్తే, ఉందని నిరూపించడానికి ప్రభుత్వం మరిన్ని రహస్యాలు బయటపెట్టాలి. రహస్యాలు బయటపెడతామని బెదిరించి కేసు వదిలించుకునే వీలు లేకుండా 1980లో ఒక ప్రత్యేక చట్టమే తెచ్చారు. దాని కింద జ్యూరీ ముందుకు ఏ రహస్యాన్ని ఏ రూపంలో తేవాలో జడ్జి ముందే తేలుస్తాడు.

మరి నిజంగా జరిగిన హాని ఎంత? చెల్సియా మానింగ్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. ఇరాక్‌లో సైనిక విశ్లేషకురాలిగా ఉండగా ఆమె రహస్య పత్రాలు ప్రచురించే వికీలీక్స్ వెబ్‌సైట్‌కి దాదాపు ఏడున్నర లక్షల పత్రాలు అందించింది. 2007 జూలైలో బాగ్దాద్‌లో అపాచీ హెలికాప్టర్ కాల్పుల్లో ఇద్దరు రాయిటర్స్ ఉద్యోగులు సహా పలువురు చనిపోయిన వీడియో అందులో ఉంది. అది బయటికి రావాల్సిందేనని వాదించడం సులభం. కానీ లక్షల దౌత్య సందేశాలు? 2011లో అవి పేర్లు చెరపకుండా బయటికొచ్చాయి, అమెరికా వాళ్లతో మాట్లాడిన సామాన్యుల పేర్లతో సహా. ప్రతి కాగితాన్నీ చదివి, తూచి బయటపెట్టానని ఇంత పెద్ద మూట విషయంలో ఎవరూ చెప్పలేరు. ఆమె పక్షాన బలంగా మాట్లాడేవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడతారు. అదే సమయంలో, ఈ లీకుల వల్ల ఫలానా మనిషి చనిపోయాడని చెప్పగల ఉదాహరణ తన దగ్గర లేదని నష్టాన్ని అంచనా వేసిన బృందానికి నాయకత్వం వహించిన జనరలే ఆమె శిక్ష విచారణలో ఒప్పుకున్నాడు.

స్నోడెన్ విషయంలోనూ ఇలాగే రెండు వైపులున్నాయి. కోట్ల మంది అమెరికన్ల ఫోన్ వివరాలను మూకుమ్మడిగా సేకరించే కార్యక్రమాన్ని 2013లో అతను బయటపెట్టాడు. అంతకు మూడు నెలల ముందే అలాంటి సేకరణ తెలిసి చేయడం లేదని నిఘా వ్యవస్థల అధిపతి జేమ్స్ క్లాపర్ సెనెట్ ముందు ప్రమాణం చేసి చెప్పాడు. 2015లో అప్పీళ్ల కోర్టు ఆ సేకరణను చట్టం అనుమతించలేదని తేల్చింది, పార్లమెంటు చట్టం మార్చి దాన్ని ఆపించింది. మరోవైపు, స్నోడెన్ పట్టుకెళ్లిన పత్రాల్లో అత్యధిక భాగానికి పౌరుల ప్రైవసీతో సంబంధమే లేదని ప్రతినిధుల సభ నిఘా కమిటీ 2016లో అంది. క్లాపర్ మీద కేసు లేదు. స్నోడెన్ మీద గూఢచర్య చట్టం కింద రెండు సహా మూడు ఆరోపణలు ఉన్నాయి. పాస్‌పోర్టు రద్దుతో మాస్కో విమానాశ్రయంలో చిక్కుకున్న అతను 2022లో రష్యా పౌరుడయ్యాడు. ఎందుకు చేశానో జ్యూరీకి చెప్పుకోనిస్తే తిరిగొస్తానని పలుమార్లు అన్నాడు.

## ఉద్దేశాన్ని వినేది ఎక్కడ?

పూర్తిగా వినరని కాదు, ఆలస్యంగా వింటారు. మానింగ్ కోర్ట్ మార్షల్‌లో, అంటే సైనిక కోర్టు విచారణలో, ఉద్దేశానికి సంబంధించిన సాక్ష్యాన్ని చాలావరకు శిక్ష ఖరారు దశకు నెట్టేశారు. శత్రువుకు సాయం చేసిందన్న అతి పెద్ద ఆరోపణ వీగిపోయింది కానీ 35 ఏళ్ల శిక్ష పడింది. 2017 జనవరిలో, పదవి దిగడానికి మూడు రోజుల ముందు, ఒబామా దాన్ని తగ్గించాడు. గమనించాల్సింది ఏమిటంటే, అంతకు ముందు అధ్యక్షులందరి కాలంలో కలిపిన వాటికన్నా ఎక్కువ లీకు కేసులు ఈ చట్టం కింద పెట్టింది ఆ ఒబామా ప్రభుత్వమే.

డ్రోన్ దాడుల పత్రాలు విలేకరికి ఇచ్చిన డేనియల్ హేల్ 2021లో నేరం ఒప్పుకున్నాడు. దాడుల గురించి మాట్లాడినందుకు కాదు, పత్రాలు పట్టుకెళ్లినందుకే శిక్ష అన్నాడు జడ్జి. 45 నెలలు. పత్రం లేకుండా చెబితే ఎవరు నమ్ముతారన్నది హేల్ లాంటివాళ్ల ప్రశ్న.

అంటే మంచి ఉద్దేశం అక్కడ హక్కుగా పనికిరాదు, దయ కోరడానికి మాత్రమే పనికొస్తుంది. పెట్రేయస్‌కి ఆ దయ మొదట్లోనే దొరికింది. కింది స్థాయి వాళ్లకు జైలుకెళ్లాక దొరుకుతుంది, దొరికితే.

ప్రచురించినవాళ్ల మీదికీ ఈ చట్టం రావచ్చని వికీలీక్స్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ కేసు చూపించింది. 2019లో ఆయన మీద గూఢచర్య చట్టం కింద 17 ఆరోపణలు పెట్టారు. ఐదేళ్లకు పైగా లండన్ బెల్‌మార్ష్ జైల్లో గడిపాక, 2024 జూన్‌లో పసిఫిక్ దీవి సైపాన్‌లోని అమెరికా కోర్టులో ఒక్క నేరం ఒప్పుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ఒప్పందం కాబట్టి, విలేకరి పనికీ ఈ నేరానికీ గీత ఎక్కడన్నది ఏ పై కోర్టూ తేల్చలేదు.

వేరే దారి లేదా అంటే, కెనడా చట్టంలో పరిమితంగానైనా ప్రజాప్రయోజన వాదనకు చోటు ఉంది. ముందు లోపల చెప్పి చూశాడా, బయటపెట్టడం వల్ల మేలు ఎక్కువా కీడు ఎక్కువా అని జడ్జి తూచాలి. బ్రిటన్ వెనక్కి నడిచింది. అర్జెంటీనాతో జరిగిన ఫాక్లండ్స్ యుద్ధంలో ఆ దేశపు బెల్‌గ్రానో నౌకను ముంచిన తీరు గురించి ఒక ఎంపీకి పత్రాలు పంపిన రక్షణ శాఖ అధికారి క్లైవ్ పాంటింగ్‌ని 1985లో జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. 1989లో తెచ్చిన కొత్త చట్టంలో, ప్రజాప్రయోజనం కోసం చేశానని వాదించుకునే ఆ సందు మూసేశారు.

## మన దగ్గర: కాగితానికి రక్షణ ఉంది, మనిషికి లేదు

మన అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, బ్రిటిష్‌వాళ్లు పెట్టినది. సెక్షన్ 5 కింద ఉద్యోగ రీత్యా చేతికొచ్చిన రహస్య సమాచారాన్ని అనుమతి లేనివారికి ఇవ్వడం నేరం, తెలిసి తీసుకోవడమూ నేరమే. మూడేళ్ల దాకా శిక్ష. గూఢచర్యమని సెక్షన్ 3 పెడితే 14 ఏళ్ల దాకా వెళుతుంది. విచిత్రం ఏమిటంటే, ఏది ‘రహస్యం’ అన్నది ఈ చట్టం ఎక్కడా నిర్వచించదు.

దాని ఫలితం కెప్టెన్ బి.కె. సుబ్బారావు అనుభవించారు. అణు జలాంతర్గామి రియాక్టర్ నమూనాను విమర్శించిన ఈ మాజీ నౌకాదళ అధికారిని 1988లో, అమెరికా విమానం ఎక్కబోతుంటే బొంబాయిలో అరెస్టు చేశారు. ఆయన దగ్గర దొరికిన ‘రహస్య పత్రాల్లో’ ఐఐటీలో తాను సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఒకటి! నెలల తరబడి జైల్లో ఉన్నాక నిర్దోషిగా బయటపడ్డారు. విలేకరి ఇఫ్తికార్ గిలానీది 2002 నాటి కథ. అందరికీ దొరికే పత్రాన్ని రహస్యమని ఏడు నెలలు లోపల పెట్టారు.

2005లో సమాచార హక్కు చట్టం ఒక కిటికీ తెరిచింది. దాని సెక్షన్ 8(2) ప్రకారం, కలిగే హానికన్నా ప్రజాప్రయోజనం పెద్దదైతే, అధికార రహస్యాల చట్టం ఉన్నా సమాచారం ఇవ్వవచ్చు. 2019లో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు పత్రాలు ది హిందూ ప్రచురించినప్పుడు అవి దొంగిలించినవనీ, కోర్టు వాటిని చూడకూడదనీ ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరం తోసిపుచ్చింది, ఎల్స్‌బర్గ్ పత్రాల నాటి అమెరికా తీర్పును కూడా ప్రస్తావించింది. రఫేల్ రివ్యూ పిటిషన్లను ఆ నవంబరులో కొట్టేసింది, అది వేరే సంగతి. ఆ ఏప్రిల్ తీర్పు వల్ల కాగితాన్ని కోర్టు చదవవచ్చని తేలింది. దాన్ని బయటికిచ్చిన ఉద్యోగి సంగతి అందులో లేదు.

ఆ ఉద్యోగి స్థానంలో ఒకరిని ఊహించుకుందాం. రక్షణ కొనుగోళ్ల విభాగంలో ఒక సెక్షన్ ఆఫీసరు, ‘సీక్రెట్’ ముద్ర ఉన్న ఫైల్లో ముడుపుల ఆనవాళ్లు చూశాడు. పత్రికకు ఇస్తే సెక్షన్ 5 అతనికీ విలేకరికీ ఇద్దరికీ వర్తించవచ్చు. ఎంపీకి ఇస్తే, సభలో మాట్లాడినందుకు ఎంపీకి రాజ్యాంగం 105వ అధికరణ రక్షణ ఉంటుంది, ఇచ్చిన అతనికి ఉండదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి రాస్తే 2004 నాటి ప్రభుత్వ తీర్మానం ప్రకారం పేరు గోప్యంగా ఉంచాలి. కానీ అది చట్టం కాదు, తీర్మానం మాత్రమే. పైగా సైన్యం, నిఘా సంస్థల సిబ్బందిని అందులోంచి మినహాయించారు. ఇలాంటి రహస్యాలు ఎక్కువగా కంటపడేది వాళ్లకే.

ఆ తీర్మానమైనా ఊరికే రాలేదు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరుతూ ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. ఆయన లేఖ పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. అది దోపిడీ కోసం జరిగిన హత్యని సీబీఐ తేల్చింది, ముగ్గురికి శిక్ష పడింది. అయినా పేరు బయటికి పొక్కిన తీరు మీద రేగిన ఆగ్రహమే ప్రభుత్వాన్ని కదిలించింది.

పదేళ్లకు, 2014 మేలో, ప్రజావేగుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అధికార రహస్యాల చట్టం ఏం చెప్పినా సరే, నిర్దేశిత అధికారికి ఫిర్యాదు చేయవచ్చని అది చెబుతుంది. పత్రికలకు చెప్పడాన్ని మాత్రం అది కూడా కాపాడదు. ఏడాది తిరిగేసరికి ఆ వెసులుబాటునే తీసేసే సవరణ బిల్లు లోక్‌సభలో పాసయ్యింది, రాజ్యసభ దాటక 2019లో మురిగిపోయింది. అసలు చట్టాన్ని ఫలానా తేదీ నుంచి అమలు చేస్తున్నామని కేంద్రం ఇచ్చే నోటిఫికేషన్ మాత్రం పదేళ్లు దాటినా రాలేదు.